కొత్త కార్డ్, కొత్త మానిటర్, అదే నత్తనడక: ఇప్పుడు ఏది మార్చాలి?

మీ సంగతి క్లుప్తంగా ఇది. ఐ5-8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న పాత డెస్క్‌టాప్. ఈ మధ్య దానికి ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్, 27 అంగుళాల 1440పీ 144 హెర్ట్జ్ (బొమ్మ సెకనుకి 144 సార్లు మారే) మానిటర్, వైర్‌లెస్ కీబోర్డ్, మౌస్, ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) కొన్నారు. అయినా ఆన్ చేశాక సిస్టమ్ కుదురుకోవడానికి చాలాసేపు పడుతోంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే హ్యాంగ్ అవుతోంది. కొత్త మానిటర్‌లో పెద్ద తేడా కనిపించడం లేదు. ఆ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీకి ఫైళ్ళు కాపీ చేస్తుంటే మౌస్ ఎగిరెగిరి దూకుతోంది. ఇక ప్రాసెసర్, మదర్‌బోర్డ్ కూడా మార్చేయాలా అని అడిగారు.

వద్దు. ప్రాసెసర్ జోలికి ఇప్పుడు వెళ్ళకండి. ఐ5-8400 ఆరు కోర్ల ప్రాసెసర్, బ్రౌజింగ్, వీడియో ఎడిటింగ్ లాంటి మీరు చెప్పిన పనులకి అది ఇప్పటికీ సరిపోతుంది. మీరు కొన్న వస్తువుల్లో చెడ్డది ఒక్కటీ లేదు. కాకపోతే సిస్టమ్ ఎక్కడ ఆగిపోతోందో అక్కడ మీరింకా చెయ్యి పెట్టలేదు. ఏదైనా కొనేముందు మెషిన్ దేనికోసం ఎదురుచూస్తోందో కనిపెట్టాలి. దానికి పైసా ఖర్చు లేదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సిస్టమ్ రీస్టార్ట్ అయిన వెంటనే చూడండి. మీరు వర్ణించిన తీరు చూస్తే నాకు దాదాపు ఖాయంగా తెలుస్తోంది, మీకు కనిపించేది ఇదే: ప్రాసెసర్ 15, 20 శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. ఆ డిస్క్ గ్రాఫ్ కింద రీడ్ స్పీడ్ ఎంతుందో చూడండి. సెకనుకి 1 ఎంబీ, 2 ఎంబీ అంటుంది. 100 శాతం పనిచేస్తూ 2 ఎంబీ చదవడం ఏమిటని చాలామంది డిస్క్ పాడైందనుకుంటారు. పాడవలేదు, హార్డ్ డిస్క్ స్వభావమే అంత.

మీ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. దానికి ముందు హెడ్ సరైన ట్రాక్ మీదికి జరగాలి, దానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం కలిపితే ఒక్కో చిన్న ముక్క చదవడానికి 12, 13 మిల్లీసెకన్లు, సెకనుకి సుమారు 80 ముక్కలు. ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకి 0.3 ఎంబీ. పెద్ద సినిమా ఫైల్ ఒకేచోట వరసగా ఉంటే అదే డిస్క్ సెకనుకి 150 ఎంబీ పైన చదువుతుంది. కానీ విండోస్ లేచేటప్పుడు చదివేది పెద్ద ఫైల్ కాదు, డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉన్న వేలకొద్దీ చిన్న ఫైళ్ళు. మామూలు సాటా (హార్డ్ డిస్క్‌లు వాడే పాత కనెక్షన్) ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి అలాంటి చిన్న ముక్కలు సెకనుకి పదివేల సంఖ్యలో చదువుతుంది. ఈ ఒక్క కారణంతోనే, ఏ పాత సిస్టమ్ గురించి ఎవరు అడిగినా నా మొదటి జవాబు సిస్టమ్ లోపల పెట్టే ఎస్‌ఎస్‌డీ. మీరు కొన్న కార్డ్‌కంటే దానివల్ల రోజువారీ వాడకంలో మీకు తెలిసే తేడా ఎక్కువ.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. 8 జీబీ ర్యామ్ బ్రౌజర్‌తోనే దాదాపు నిండిపోతుంది. నిండగానే విండోస్ కొంత సరుకు తీసి డిస్క్ మీద పేజ్ ఫైల్‌లో పెడుతుంది, మళ్ళీ ఆ ట్యాబ్ తెరిస్తే అక్కణ్ణుంచి వెనక్కి తెస్తుంది. ఆ డిస్క్ హార్డ్ డిస్కే అయినప్పుడు మీరనే హ్యాంగ్ అదే. ర్యామ్ తక్కువైన లోటు కూడా డిస్క్ నెత్తిన పడుతోందన్నమాట. అందుకే ముందు ఎస్‌ఎస్‌డీ, ఆ వెంటనే ర్యామ్.

ఎస్‌ఎస్‌డీ ఏది కొనాలి? మదర్‌బోర్డ్ మోడల్ నంబర్ చూసి దాని మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఎం.2 స్లాట్ (బోర్డ్ మీదే చిన్న కార్డ్ లాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) ఉందా, ఉంటే అది ఎన్‌వీఎంఈ (సాటాకంటే వేగమైన రకం) తీసుకుంటుందా, సాటా మాత్రమేనా అన్నది అందులో ఉంటుంది. రెండు రకాల కార్డులూ చూడ్డానికి ఒకేలా, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి కాబట్టి కంటితో నమ్మకండి. మీది హెచ్310 చిప్‌సెట్ (డ్రైవ్‌లు, పోర్టులు నడిపే చిప్) బోర్డ్ అయితే చిప్‌సెట్ ఇచ్చేది పీసీఐఈ 2.0 (డ్రైవ్‌కి దొరికే డేటా దారిలో పాత తరం) మాత్రమే, అక్కడ 7000 ఎంబీ వేగమని పెట్టె మీద రాసుకున్న డ్రైవ్ పెట్టినా ఆ వేగం రాదు. బీ360, జెడ్370 లాంటివైతే పీసీఐఈ 3.0, సెకనుకి 3500 ఎంబీ దాకా వస్తుంది. అసలు ఎం.2 లేకపోయినా బెంగ వద్దు, 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి. దాని వేగం 550 ఎంబీ దగ్గర ఆగినా, బూట్ అవడంలో, బ్రౌజింగ్‌లో ఎన్‌వీఎంఈతో పోలిస్తే మీరు పసిగట్టగలిగే తేడా చాలా తక్కువ. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడమే అసలైన గెంతు.

నేనైతే ఒక్కటే పట్టి చూస్తాను: లోపలి చిప్‌లు టీఎల్‌సీయా (ఒక్కో గడిలో మూడు బిట్లు), క్యూఎల్‌సీయా (నాలుగు బిట్లు) అని. క్యూఎల్‌సీ చవక, మామూలు వాడకానికి ఫరవాలేదు. కానీ పెద్ద ఫైళ్ళు ఏకబిగిన రాస్తుంటే క్యాష్ (రాసేదాన్ని ముందుగా పట్టుకునే వేగమైన భాగం) నిండిపోయాక కొన్నిటి వేగం హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోతుంది. మీరు వీడియోలు ఎడిట్ చేస్తానన్నారు కాబట్టి టీఎల్‌సీ తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందేమో అన్న భయం వదిలేయండి. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లకి మామూలుగా 600 టీబీ వరకు రాయవచ్చని కంపెనీలు లెక్క ఇస్తాయి. రోజుకి 30 జీబీ రాసినా అది 50 ఏళ్ళు దాటుతుంది.

పెట్టడం కష్టమేమీ కాదు. పవర్ వైరు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి, క్యాబినెట్ లోహాన్ని తాకి మొదలుపెట్టండి. ఎం.2 డ్రైవ్‌ని ఏటవాలుగా స్లాట్‌లోకి తోసి, కిందికి అదిమి, చివర చిన్న స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ, దాని కింది ఇత్తడి దిమ్మ బోర్డ్ పెట్టెలోనే ఎక్కడో చిన్న సంచిలో ఉంటాయి, ముందే వెతికి పెట్టుకోండి. బోర్డ్‌కి హీట్‌సింక్ ఉంటే దాని మెత్తటి ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటి ఉంటుంది. అది ఒలిచి తీయాలి. తీయకుండా బిగించేసి, డ్రైవ్ వేడెక్కుతోందని టెన్షన్ పడేవాళ్ళు ఎందరో. మరో సంగతి, కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. హార్డ్ డిస్క్ కనిపించకుండా పోతే కేబుల్ పక్క పోర్ట్‌కి మార్చి చూడండి.

విండోస్ విషయానికొస్తే, మీరింకా విండోస్ 10 మీదే ఉన్నారు. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు అక్కడి నుంచే మొదలు. కాబట్టి పాతదాన్ని క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయకుండా కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 శుభ్రంగా ఇన్‌స్టాల్ చేయమంటాను. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తంతా క్లోన్‌తో పాటు వచ్చేస్తుంది. బయోస్‌లో (మదర్‌బోర్డ్ సొంత సెట్టింగ్స్‌లో) ఇంటెల్ పీటీటీ ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే భద్రతా సదుపాయం టీపీఎం 2.0 వచ్చేస్తుంది, విడిగా చిప్ కొననక్కర్లేదు. బూట్ (సిస్టమ్ లేచే) పద్ధతి యూఈఎఫ్ఐకి మార్చి, పాత పద్ధతి కోసం ఉండే సీఎస్ఎం ఆఫ్ చేయండి.

బయోస్ ముట్టుకోకముందే, ఇన్‌స్టాల్ చేసేముందే మీ ఫైళ్ళన్నీ ఆ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసుకోండి, కాపీ అయినవాటిలో కొన్ని తెరిచి చూడండి. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. బయోస్‌లో టీపీఎం సెట్టింగ్స్ కదిపితే అది ఆ 48 అంకెల కీ అడుగుతుంది, లేకపోతే మీ ఫైళ్ళు మీకే అందవు. ఇవన్నీ అయ్యాక పాత హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి. రెండూ ఉంటే విండోస్ ఒక్కోసారి తన బూట్ ఫైళ్ళని పాత డిస్క్ మీద పెట్టేస్తుంది. ఎన్నాళ్ళకో ఆ డిస్క్ పోయిన రోజున, నిక్షేపంలా ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా బూట్ అవదు. అప్పుడు కారణం తెలుసుకోవడం చాలా కష్టం. ఇన్‌స్టాల్ అయ్యాక కేబుల్ మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఆ హార్డ్ డిస్క్‌ని ఇక స్టోరేజ్‌గా వాడాలనుకుంటే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో దాని ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్స్, కరెంట్ పెండింగ్ సెక్టర్స్ అన్న రెండు వరసల్లో ముడి విలువ సున్నా ఉండాలి. పెరుగుతూ పోతుంటే దాన్ని నమ్మి ఒక్క ఫొటో కూడా ఉంచకండి.

ర్యామ్‌కి వద్దాం. ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ చేర్చండి. 16 జీబీ అవడం ఒక లాభం, రెండో లాభం డ్యూయల్ ఛానెల్. ఒకే స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కి మెమరీ నుంచి సెకనుకి 21 జీబీ దారి మాత్రమే దొరుకుతుంది. రెండు ఉంటే 42 జీబీ దాటుతుంది (ఇవి 2666 వేగంతో లెక్కలు, మీ ప్రాసెసర్‌కి అధికారిక గరిష్ఠం అదే). ఆటల్లో హఠాత్తుగా బొమ్మ ఆగి మళ్ళీ కదలడం దీనితో బాగా తగ్గుతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డ్ అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో పడతాయి. కంపెనీ వేరైనా చాలావరకు పనిచేస్తాయి, కాకపోతే రెండిట్లో నెమ్మదైనదాని వేగంతో నడుస్తాయి. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా ఎగబాకాయి, ఆ డిసెంబర్‌లోనే మెమరీ తయారీ సంస్థ మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అందుకే సెకండ్ హ్యాండ్ స్టిక్ కొనడంలో తప్పేమీ లేదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ ఒక రాత్రి నడిపి, ఒక్క ఎర్రర్ వచ్చినా తిరిగి ఇచ్చేసేలా ముందే మాట్లాడుకోండి.

మానిటర్ సంగతి బహుశా పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. క్యాబినెట్ వెనక్కి వెళ్ళి కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. పైన నిలువుగా, యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉన్న హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డ్‌ది. కింద అడ్డంగా ఉన్న పోర్టుల వరస గ్రాఫిక్స్ కార్డ్‌ది. చాలా బోర్డులు కార్డ్ పెట్టగానే పైపోర్ట్ ఆపేస్తాయి, కొన్ని ఆపవు. అలాంటప్పుడు పాత కేబుల్ పాత చోటే ఉండిపోతే బొమ్మ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ దారిలోనే వస్తుంది, ఖరీదైన కార్డ్ చాలావరకు ఊరికే కూర్చుంటుంది. ఆ తరం బోర్డుల హెచ్‌డీఎంఐ చాలావరకు 1.4, అది 1440పీలో 144 హెర్ట్జ్ మోయలేదు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తీసుకుని కార్డ్‌కి కలపండి. అక్కడితో అయిపోలేదు, విండోస్ తనంతట తాను 60 హెర్ట్జ్‌లోనే ఉండిపోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ 144కి మార్చండి. 60లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144లో 6.9. మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పితేనే మీకు తేడా తెలిసిపోతుంది.

మౌస్ దూకడానికి మౌస్ కారణం కాదు, దాన్ని వాపస్ చేయకండి. యూఎస్‌బీ 3 డేటా పరుగెత్తుతున్నప్పుడు పోర్ట్, కేబుల్ దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో గోల పుడుతుంది. ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం వెలువరించింది. మీ వైర్‌లెస్ డాంగిల్ (మౌస్ కోసం పోర్ట్‌లో పెట్టే చిన్న ముక్క) మాట్లాడేది సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే. డాంగిల్, ఎస్‌ఎస్‌డీ పక్కపక్క పోర్టుల్లో ఉంటే డాంగిల్‌కి మౌస్ మాట వినబడదు. డాంగిల్‌ని ఎస్‌ఎస్‌డీకి దూరంగా ఉన్న నల్ల యూఎస్‌బీ 2 పోర్ట్‌కి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌస్ దగ్గరకి తెచ్చి పెట్టండి.

ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీతో వచ్చిన కేబుల్ పొట్టిగా ఉంది, ఫోన్ చార్జర్ కేబుల్ వాడొచ్చా అని కూడా అడిగారు. వాడితే పనిచేస్తుంది, మౌస్ దూకడం కూడా ఆగిపోవచ్చు. అది చూసి సమస్య తీరిందనుకోకండి. టైప్-సీ కేబుళ్ళు బయటికి ఒకేలా ఉన్నా, ఫోన్లతో వచ్చేవి చాలావరకు యూఎస్‌బీ 2 కేబుళ్ళే, వాటి హద్దు 480 మెగాబిట్లు. కాపీ వేగం సెకనుకి 40 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పొడవు కావాలంటే 10 జీబీపీఎస్ అని స్పష్టంగా రాసి ఉన్న కేబుల్ కొనండి.

మీరు అడగలేదు గానీ నాకు కాస్త ఆందోళనగా ఉన్నది ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) గురించి. సిస్టమ్‌తో వచ్చిన పాత 450 వాట్లదే వాడుతున్నానని రాశారు. ఆర్‌టీఎక్స్ 3060 గరిష్ఠంగా 170 వాట్లు తీసుకుంటుంది, ఎన్‌విడియా మొత్తం సిస్టమ్‌కి 550 వాట్ల సప్లై సూచిస్తుంది. లెక్క ప్రకారం మీ సిస్టమ్ మొత్తం 300 వాట్ల దరిదాపుల్లోనే తాగుతుంది కాబట్టి మంచి 450 అయితే మోయగలదు. మంచిదా కాదా అన్నదే ప్రశ్న. కార్డ్‌కి కావలసిన 8 పిన్నుల కనెక్టర్ సప్లై నుంచే నేరుగా వస్తోందా, లేక మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల) కనెక్టర్లని కలిపే అడాప్టర్ పెట్టారా? అడాప్టర్ అయితే, ఆ సప్లైని ఈ కార్డ్ కోసం తయారుచేయలేదని అర్థం, ఎస్‌ఎస్‌డీకంటే ముందు దాన్నే మార్చండి. సన్నని వైర్ల మీద అంత కరెంటు లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఆట మధ్యలో సిస్టమ్ ఏ మెసేజ్ లేకుండా ఠక్కున ఆగిపోతుంటే కూడా ముందు అనుమానించాల్సింది సప్లైనే.

కొత్తది కొంటే 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్ర ఒక్కటే చూసి మురిసిపోకండి. ఆ ముద్ర గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తుందో చెబుతుంది. వోల్టేజ్ ఎంత నిలకడగా ఉంటుందో, రక్షణలు ఉన్నాయో లేవో చెప్పదు. వారంటీ ఎన్నేళ్ళిచ్చారో చూడండి, విడదీసి పరీక్షించిన రివ్యూ ఉన్న మోడల్ ఎంచుకోండి. ఇక ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: కేబుళ్ళు ఊడదీసే మాడ్యులర్ సప్లై తెస్తే, పాత సప్లై కేబుల్ ఒక్కటి కూడా కొత్తదానికి పెట్టొద్దు. ప్లగ్ చక్కగా దూరుతుంది. కానీ సప్లై వైపు పిన్నుల వరసకి ఉమ్మడి ప్రమాణం లేదు, 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వచ్చాయంటే మీ డ్రైవ్‌లు, వాటిలోని ఫొటోలతో సహా, ఆ క్షణమే పోతాయి.

ఇవన్నీ అయ్యాక ఆట ఒకటి నడిపి, పక్కన టాస్క్ మేనేజర్ పెట్టి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డ్) వాడకం చూడండి. 95 శాతం పైన ఉంటే కార్డ్ తన పూర్తి సత్తా చూపిస్తోందన్నట్టే, ప్రాసెసర్ అడ్డం కాదు. జీపీయూ 60 దగ్గర ఆగి, ప్రాసెసర్ కోర్లు 100 కొడుతుంటేనే ప్రాసెసర్ మాట ఎత్తాలి. అప్పుడు కూడా బోర్డ్ మార్చకుండా ఐ7-9700 పెట్టే వీలుంది. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, తీసేశాక కాదు. బోర్డ్ తయారీదారు ఇచ్చిన జాబితాలో దాని పేరుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. మరీ కొత్త తరానికే వెళ్ళాలంటే ఇప్పుడు కొనే డీడీఆర్4 స్టిక్ వృథా కాకుండా డీడీఆర్4 బోర్డ్‌తో 12వ తరం ఇంటెల్ గానీ, ఏఎండీ ఏఎం4 సాకెట్ రైజెన్ 5000 గానీ చూడండి. దాని తర్వాతి ఏఎం5 సాకెట్ అయితే డీడీఆర్5 తప్పనిసరి. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఆచితూచి అడుగేయండి. వోల్టేజ్ ఎక్కువై క్రమంగా దెబ్బతినే సమస్య వాటిలో బయటపడింది. 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ మరో రెండేళ్ళు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని మాత్రం ఆ అప్‌డేట్ బాగుచేయదు. అమ్మేవాళ్ళని బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశారో, వారంటీ మీ పేరుకి మారుతుందో లేదో అడిగి తెలుసుకోండి.